మంజులమ్మ అనని మాటలు

తమిళనాడులో హోసూరు దగ్గర, తళికి పైన ఒక చిన్న ఊళ్ళో మంజులమ్మ అనే ఆవిడ ఉంది. ఆమె ముఖం పెట్టుకొని, ఆమె పేరు మీద, ఆమె ఎన్నడూ అనని మాటలు ఎక్కడెక్కడి జనమో దాదాపు ఏడాదిపాటు చదివారు. చదవనిది ఆమె ఒక్కతే. ఆ సంగతి తెలిశాక ఆమె ఏం చేసిందో చెప్పాలంటే ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి.

మంజులమ్మ పుట్టింది బేరికె దగ్గర. హోసూరులో తెలుగు మీడియంలో ఎస్సెస్సెల్సీ పాసైంది. పెళ్ళయి తళి వైపు వచ్చింది. అత్తగారిది తరతరాలుగా రాగి, ఉలవ, ఆలుగడ్డ పండించే ఇల్లు. భర్త రామచంద్ర మెత్తని మనిషి, మాట తక్కువ. సేద్యం ఇద్దరిదీ, పదిమందిలో మాట్లాడే పని మాత్రం ఆమెది.

తొంభైల్లో హోసూరు చుట్టూ పెద్ద పెద్ద గులాబీ తోటలు లేచాయి. ఇనుప కమ్మీల మీద తెల్లటి ప్లాస్టిక్ షీటు కప్పి, దాని కింద పూలు పెంచి, అట్టపెట్టెల్లో సర్ది విమానం ఎక్కించేవాళ్ళు. చూసిపోదామని వెళ్ళిన రైతుల్ని గేటు దగ్గరే ఆపేవాళ్ళు. మంజులమ్మ గేటు దగ్గర ఆగలేదు. అలాంటి తోటలో కూలికి చేరింది. సొంత భూమి పెట్టుకొని కూలికి పోవడమేమిటని అత్తగారు మండిపడింది.

"కూలికి కాదత్తా, నేర్చుకొనేదానికి పోతా ఉండాను" అని చెప్పి, ఒక కాపు ముగిసేదాకా పోయింది. కొమ్మ ఎక్కడ కత్తిరించాలి, మొగ్గ ఎంత విచ్చినప్పుడు కోయాలి, షీటు కింద వేడి పెరిగితే పక్క తెరలు ఎప్పుడు ఎత్తాలి, అన్నీ నేర్చుకొని వచ్చి సొంత నేలలో చిన్న షీటు తోట వేసింది. మొదటి ఏడు ఎర్రనల్లి పడి ఆకంతా పోయింది. రెండో ఏడు తోట నిలబడింది. ఆ తర్వాత ఆమె పూలకట్టలు బెంగళూరు మార్కెట్టులో విప్పకుండానే అమ్ముడుపోయేవి. లోపల ఒక రకం, పైన ఒక రకం పెట్టే మనిషి కాదని వ్యాపారులకు తెలుసు.

ఆమెను చూసి ఆ చుట్టుపక్కల చాలామంది షీటు తోటలు వేశారు. ఏ మందు కొట్టాలి, ఏ పైపు వేయాలి అని ఆమెనే వచ్చి అడిగేవాళ్ళు. తాను వాడి చూసినదైతే చెప్పేది. లేకపోతే "నేను వేసి చూడలేదప్పా, నాకు తెలీదు" అనేసేది. ఆ 'తెలీదు' అనే మాట వల్లే ఆమె 'మంచిది' అన్నదానికి అంత విలువ. హోసూరులో మందుల షాపువాళ్ళకు ఆ 'తెలీదు' అంటే కంటగింపు. ఆమె తల ఊపితే సరుకు కదిలేది, ఊపకపోతే షాపులోనే ఉండేది.

2005లో బెంగళూరు కంపెనీ ఒకటి ఆమె తోటకు వచ్చింది. డ్రిప్పు పైపులు, తోటల షీట్లు అమ్మే కంపెనీ. డ్రిప్పు పైపులు ఆమె వాళ్ళ దగ్గరే కొంది, బాగానే పనిచేస్తున్నాయి. మేనేజరు రఘునాథ్ తెలుగువాడే. వెంట ఒక కెమెరా మనిషి. పైపుల గురించి రెండు ముక్కలు అడిగి, తోటలో ఒక ఫొటో తీసుకుంటామన్నారు.

"తీసుకోండప్పా, దానికేమి" అంది మంజులమ్మ.

గులాబీ చాళ్ళ మధ్య నిలబెట్టి ఫొటోలు తీశారు. చెప్పులు తీసేయమన్నారు. ఎందుకని అడిగితే ఫొటో సహజంగా వస్తుందన్నారు. ముళ్ళ తోటలో చెప్పుల్లేకుండా ఎవరు తిరుగుతారని ఆమె నవ్వింది, అయినా అడిగారు కదా అని తీసేసింది. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. తోట మీద ఉన్న షీటు ఆ కంపెనీది కాదు. అంతకు చాలా ముందే వేరే చోట కొన్నది. ఆ సంగతి వాళ్ళు అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు.

మరుసటి ఏడు ఆషాఢం గాలి మొదలైంది. తళి మెట్టల మీద ఆ నెలలో వీచే గాలి ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. ఒక ఉదయం కేశవప్ప వచ్చాడు. రెండు ఊళ్ళ అవతల ఆయన తోట. మంజులమ్మకు అన్న వరస. వచ్చినవాడు కూర్చోలేదు. నీళ్ళిస్తే తాగలేదు.

"నా తోట వచ్చి చూడమ్మా" అన్నాడు.

వెళ్ళి చూసింది. కొత్త షీటు కమ్మీ కమ్మీకీ నిలువునా చీలి, పేలికలై గాలికి కొట్టుకుంటోంది. చీలికల్లోంచి వానంతా లోపల పడి, మొగ్గల మీద బూడిదరంగు బూజు పట్టింది. కోతకొచ్చిన పంట. ఒక్క కట్ట కూడా పనికొచ్చేలా లేదు.

"ఈ షీటు యాడ కొన్నావన్నా? నన్ను ఒక మాట అడగాల్సింది కదా" అంది మంజులమ్మ.

కేశవప్ప ఆమె వైపు వింతగా చూశాడు. "నిన్ను మళ్ళా అడిగేదేముండాది? నువ్వే రాసినావు కదా, ఎంత గాలికైనా చిరగదు, నా మాట నమ్మండి అని. డీలరు షాపులో గోడకు అంటించినాడు, నీ ఫొటోతో. ఇంగ్లీషులో ఉంటే ఆయనే చదివి చెప్పినాడు. నీ మాట నమ్మే వేసినానమ్మా."

"నేనా? నేను యాడ రాసినాను?"

"కంప్యూటర్లో రాస్తా ఉండావంట కదా. బ్లాగో ఏమో అంటారే."

మంజులమ్మ ఇంటికి కూడా పోకుండా రోడ్డు మీదకు నడిచి హోసూరు బస్సెక్కింది.

హోసూరు బస్టాండు వెనక సందులో దేవేంద్ర బ్రౌజింగ్ సెంటరు నడిపేవాడు. తళి వైపు అబ్బాయే, బీకాం చదివి పెళ్ళయి హోసూరులో స్థిరపడ్డాడు. ప్లైవుడ్ గదులు, ఒక్కో గదిలో ఒక్కో కంప్యూటరు, బయట విడిచిన చెప్పులు. రైల్వే పరీక్షల దరఖాస్తులు, జాతకాలు, పెళ్ళి సంబంధాల ఫొటోలు పంపించడం, అదీ ఆ సెంటరుకు వచ్చే పని. మంజులమ్మ ఎప్పుడూ అందులో అడుగుపెట్టలేదు. ఆమెను చూసి దేవేంద్ర లేచి నిలబడ్డాడు.

"నా పేరు దాంట్లో ఉండాదంట. తీసి చూపించప్పా."

ఎక్కువసేపు వెతకనవసరం లేకపోయింది. కంపెనీ వాళ్ళ పేజీలో పైన పెద్ద అక్షరాలు, 'మంజులమ్మ తోట డైరీ' అని ఇంగ్లీషులో. కింద చెప్పుల్లేని కాళ్ళతో, గులాబీల మధ్య నవ్వుతూ ఆమె. వారానికో రెండు వారాలకో ఒకసారి ఆమె తన కథ తానే చెప్పుకుంటున్నట్టు రాసి ఉంది. దేవేంద్ర ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పసాగాడు.

"'నేను వేలిముద్ర వేసే ఆడదాన్ని. కంప్యూటర్ని మొదటిసారి చూసి టీవీ అనుకున్నాను. నేను నోటితో చెప్పేది కంపెనీలోని మంచి మనుషులు మీకోసం రాస్తున్నారు.'"

మంజులమ్మకు మొదట నవ్వు వచ్చింది. "వేలిముద్రా! నా ఎస్సెస్సెల్సీ సర్టిఫికెట్టు పీకేసినారా వీళ్ళు? ఇంకా చదువు."

"'షీటు వేయకముందు మాది పూరిగుడిసె...'" దేవేంద్ర ఆగాడు.

"ఊఁ."

"వద్దులేక్కా. అంతా ఇట్లాంటిదే."

"చదవమంటా ఉండాను కదా."

"'నా మొగుడు సారాయికి బానిస. రోజూ కొట్టేవాడు. ఈ షీటు వేసినాక పంట చూసి సిగ్గుపడి తాగుడు మానేశాడు. నా కాపురం నిలబెట్టింది ఈ షీటే.'"

ఇప్పుడు నవ్వలేదు. రామచంద్ర పండగ రోజు కల్లు ముంత వైపు కూడా చూడని మనిషి. ఆమె మీద గొంతెత్తి ఎరగడు. ఆ రాత కింద ఎవరెవరో మెచ్చుకుంటూ వ్యాఖ్యలు పెట్టారు. ఎంత ధైర్యవంతురాలివమ్మా అని ఒకరు. నీ కథ చదివి ఏడ్చాను అని ఇంకొకరు. నీ భర్తను క్షమించిన నీ మనసు గొప్పది అని మరొకరు. వాటికి జవాబులు కూడా ఉన్నాయి, మంజులమ్మ పేరుతోనే. 'మీ ప్రేమకు ఈ పల్లెటూరి అక్క దండాలు' అని.

ఇంకా కిందికి పోతే కేశవప్ప చెప్పిన వాక్యం కనిపించింది. ఎంత గాలికైనా చిరగదు, నా మాట నమ్మండి.

మంజులమ్మ ఆ వ్యాఖ్యల మీద వేలు పెట్టింది. తర్వాత అడిగింది, "ఈళ్ళంతా రాసినట్ల నేను కూడా కింద రాయొచ్చునా?"

"రాయొచ్చుక్కా."

"అయితే కొట్టు. నేను మంజులమ్మను. ఇందులోవి నా మాటలు కావు. నేను ఈ షీటు వేయలేదు. నా మొగుడు తాగడు. నా పేరు తీసేయండి. అంతే."

దేవేంద్ర ఇంగ్లీషులో కొట్టి పంపించాడు. తెర మీద ఒక వరుస వచ్చింది. అది చదివి అతను తల గోక్కున్నాడు. "వాళ్ళు చూసి ఒప్పుకుంటేనే ఇది పైన కనిపిస్తుందక్కా."

"యెవురు ఒప్పుకోవాల?"

"కంపెనీ వాళ్ళే."

మంజులమ్మ స్టూలు మీంచి లేచింది. పక్క గదుల్లోని వాళ్ళు తలలు బయటికి పెట్టి చూశారు. "నా పేరు పెట్టుకొని వాళ్ళు మాట్లాడేదానికి నా ఒప్పుదల వద్దు. నా మాట నేను చెప్పేదానికి వాళ్ళ ఒప్పుదల కావాల్నా? ఇదేం న్యాయమప్పా?"

ఆ తర్వాత వారంలో ఎన్నిసార్లు చూసినా ఆ వ్యాఖ్య పైకి రాలేదు.

ఇంట్లో ఈ సంగతి దాచే ఉద్దేశం ఆమెకు లేదు. ఆ సాయంత్రమే భర్తకు మొత్తం చెప్పింది. రామచంద్ర వింటూ పశువులకు గడ్డి వేస్తూనే ఉన్నాడు. చివరికి ఒక్క మాట అడిగాడు, "నేను కొట్టేవాణ్ణని కూడా రాసినారా?" రాశారంది. ఆయన చేతిలోని గడ్డిమోపు కింద పెట్టి, కొంచెంసేపు ఎక్కడికో చూస్తూ నిలబడ్డాడు. మంజులమ్మకు అసలు కోపం వచ్చింది అప్పుడే. తనను చదువు రానిదాన్ని చేసినందుకు వచ్చిన కోపం దీని ముందు ఏపాటిది! కేశవప్ప తోట, ఈ మనిషి మౌనం, ఈ రెండూ ఆమెను నిద్రపోనివ్వలేదు.

బెంగళూరులో కంపెనీ ఆఫీసు అద్దాల మేడలో ఉంది. ముందు చెప్పకుండా వచ్చినందుకు కింద చాలాసేపు కూర్చోబెట్టారు. పైకి పిలిచాక రఘునాథ్ ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

"రండమ్మా, రండి! మీరు మా స్టార్ అండీ. మీ డైరీని ఎంతమంది చదువుతున్నారో తెలుసా? ఇతర దేశాల నుంచి కూడా చూస్తున్నారు."

"నా డైరీ నేను రాయలేదు కదప్పా."

రఘునాథ్ నవ్వి, ఆమెను కూర్చోబెట్టి, చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. కాలం మారిందట. ప్రకటనలు ఎవరూ నమ్మడం లేదట. జనానికి కంపెనీ మాట అక్కర్లేదు, మనిషి మాట కావాలి. అందుకే పెద్ద పెద్ద కంపెనీలన్నీ బ్లాగులు పెడుతున్నాయి. మనసులోంచి వచ్చినట్టు, పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉండాలి. ఇంటర్నెట్టులో దాని బలమే వేరు.

"మనిషి మాట కావాలంటే మనిషిని అడగాల కదా" అంది మంజులమ్మ.

"అమ్మా, అది మీ గురించి కాదండీ. అదొక పాత్ర. మీ ఫొటోకి మీరే ఒప్పుకున్నారు కదా."

"ఫొటోకి ముఖం ఇచ్చినాను. నోరు ఇవ్వలేదు."

రఘునాథ్ నవ్వు తగ్గింది. గాజు తలుపు తీసి, "నందితా, ఒకసారి రా" అని పిలిచాడు. పాతికేళ్ళ అమ్మాయి వచ్చింది. డైరీ రాసేది తనే. బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. తళి ఎప్పుడూ చూడలేదు. షీటు తోట లోపలికి పోలేదు. తాను ఏడాదిగా ఎవరి నోటితో మాట్లాడుతోందో ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఉండటం చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"నా మొగుడు తాగుబోతని నీకెవురు చెప్పినారు తల్లీ?"

"ఎవరూ చెప్పలేదు ఆంటీ. కష్టం ఉంటే కథ బాగుంటుందన్నారు. కష్టం, తర్వాత మార్పు. అట్లా రాయమన్నారు."

"ఆయన పేరు రామచంద్ర. నా మొగుడంటే ఊళ్ళో అందరికీ ఆయనే కదా. అది తోచలేదా?"

నందిత తల దించుకుంది. "మీరు చదువుతారని అనుకోలేదు ఆంటీ" అంది.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. ఆ కంపెనీ వాళ్ళలో ఆ రోజు నిజం పలికింది ఆ పిల్ల ఒక్కతేనేమో. మంజులమ్మ చదవదు. ఆమె ఊరు చదవదు. ఎవరి గురించి రాస్తున్నారో వాళ్ళు తప్ప మిగతా లోకమంతా చదువుతుంది. ఆ ధైర్యం మీదే ఆ డైరీ అంతా నడిచింది.

మంజులమ్మ రెండు విషయాలు అడిగింది. తన పేరు, ఫొటో తీసేయాలి. కేశవప్ప తోటకు వేరే షీటు వేయాలి. రెండోదానికి రఘునాథ్ వెంటనే అడ్డంగా తల ఊపాడు. గాలికి చిరిగితే కంపెనీకి బాధ్యత లేదని గ్యారంటీ పేపర్లోనే ఉందన్నాడు. "కావాలంటే మీ తోటకు ఉచితంగా కొత్త షీటు వేయిస్తాం. అప్పుడు డైరీలో రాసింది కూడా నిజమైపోతుంది కదా!"

"చిరిగినోళ్ళకి ఇవ్వరు, చిరగనోళ్ళకి ఇస్తారా?" మంజులమ్మ లేచింది. "మీ షీటు నా తోట మీద పడితే నేనే పీకి పారేస్తాను."

బ్లాగు సంగతి పైవాళ్ళతో మాట్లాడి చెప్తామన్నారు. చెప్పలేదు. డైరీ ఆగలేదు. పైగా ఆ నెలలోనే ఇంకో భాగం వచ్చింది. అందులో మంజులమ్మ బెంగళూరు ఆఫీసు చూడటానికి వచ్చి, లిఫ్టు ఎక్కడానికి భయపడి, కంపెనీ వాళ్ళ ఆదరణకు కళ్ళనీళ్ళు పెట్టుకుందట! దేవేంద్ర అది చదివి వినిపించాడు. ఆమె కోపంతో చేసిన ప్రయాణాన్ని కూడా వాళ్ళు సరుకు చేసుకున్నారు.

కొద్దిరోజులకు కేశవప్ప ఫోను చేశాడు. కృష్ణగిరిలో ఒక కళ్యాణమండపంలో కంపెనీ రైతుల సభ పెడుతోంది, గోడల మీద పోస్టర్లలో నీ ముఖమే ఉంది అన్నాడు. ఇద్దరూ కలిసి వెళ్ళారు. మండపం గేటుకు అటూ ఇటూ మంజులమ్మ నిలువెత్తు ఫ్లెక్సీలు. వాకిట్లో ఉన్న కుర్రాళ్ళు ఫ్లెక్సీ చూశారు, ఆమెను చూశారు, పరుగున వచ్చి చేతులు జోడించారు. ముందు వరుసలో కూర్చోబెట్టారు. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆమె వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది కాబట్టి కంపెనీయే పిలిపించిందనుకున్నారు. రఘునాథ్ అవతలి గదిలో డీలర్లతో ఉన్నాడు. ఆయన బయటికి వచ్చేసరికి మైకు ఆమె చేతిలో ఉంది.

"ఈ ముఖం నాది, మాటలు నావి కావు" అని మొదలుపెట్టింది. తెలుగులో ఒకసారి, ఊత్తంగరై వైపు నుంచి వచ్చినవాళ్ళ కోసం తమిళంలో ఇంకోసారి. తాను ఆ షీటు వేయలేదని, వేసిన కేశవప్ప తోట ఏమైందో చూసి రావచ్చని, తన మాట నమ్మి కొనబోయేవాళ్ళు ఆ పని చేయవద్దని చెప్పింది. మైకు ఆపేశారు. పొలంలో అవతలి గట్టు మీది మనిషిని పిలిచే గొంతు ఆమెది. మైకు లేకుండానే మిగతాది చెప్పింది. "నా మొగుడు కల్లు కూడా ముట్టడు. ఆయన పేరు రామచంద్ర. రాసుకొనేవాళ్ళు అది రాసుకోండి" అని, భుజం మీది శాలువా తీసి కుర్చీ మీద పెట్టి దిగి వచ్చింది.

అందరూ చప్పట్లు కొట్టారని రాయాలని ఉంది. కానీ అలా జరగలేదు. కొందరు లేచి వెళ్ళిపోయారు. కొందరు షీటు గురించి కేశవప్పను చుట్టుముట్టి అడిగారు. చాలామంది భోజనాలు పెట్టేదాకా కూర్చున్నారు. తిరుగు బస్సులో వెనక సీట్లోని ఇద్దరు, ముందు కూర్చున్నది ఆమెనని ఎరగక, మాట్లాడుకున్నారు. "ఎదుటి కంపెనీవాడు డబ్బిచ్చి తిప్పుకొని ఉంటాడప్పా, లేకుంటే ఇన్నాళ్ళు రాసిన మనిషి ఊరికే తిరగబడుతుందా" అని ఒకడు. "అదే అదే" అని ఇంకొకడు.

కేశవప్ప వెనక్కి తిరగబోతే మంజులమ్మ మోచెయ్యి పట్టుకొని ఆపింది. ఎంతమందికని చెప్పుకోవడం? ఏడాదిపాటు అచ్చయిన అబద్ధాన్ని ఒక పూట చెప్పిన నిజం ఎలా చెరుపుతుంది?

కానీ కంపెనీకి భయం పట్టిన మాట నిజం. నెల తిరక్కుండా మంజులమ్మ తోట డైరీ మాయమైంది. క్షమాపణ లేదు, ఆ రాసినవి అబద్ధాలని ఒక్క ముక్క లేదు. అసలు అలాంటి పేజీ ఎన్నడూ లేనట్టు తీసేశారు. దేవేంద్ర సంతోషంగా ఫోను చేసి చెప్పాడు. రెండు వారాలకు మళ్ళీ చేశాడు, ఈసారి గొంతులో సంతోషం లేదు.

"ఇంకొక డైరీ వచ్చిందక్కా. 'వెంకటలక్ష్మమ్మ పొలం డైరీ' అంట. కల్లావి అంట ఊరు."

మంజులమ్మ హోసూరు వెళ్ళి చూసింది. అదే పేజీ, అదే రంగు, అవే మాటలు. ఫొటోలో ఎవరో నడివయసు ఆడమనిషి, తల మీద టొమాటో బుట్ట, ఎండకు కళ్ళు చికిలించి నవ్వుతోంది. దేవేంద్ర చేత ఆ ఫొటోతో పాటు రాతనంతా ప్రింటు తీయించుకుంది. ఆ రోజే కృష్ణగిరి పోయి, అక్కడ ఊత్తంగరై బస్సు పట్టుకొని, సంత జరిగే వేళకు కల్లావిలో దిగింది.

వెంకటలక్ష్మమ్మ అంటే ఎవరికీ తెలియలేదు. ఫొటో చూపిస్తే టీకొట్టు ఆమె వెంటనే, "ఇది మన హేమావతి కదా!" అంది.

హేమావతి సంత చివర టొమాటోలు పోసుకొని కూర్చుని ఉంది. వాళ్ళదీ తెలుగు మాట్లాడే సేద్యగాళ్ళ కుటుంబమే. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి తమ్ముడితో కలిసి పొలం చూసుకుంటోంది. ఎవరో కారులో వెళ్తూ ఆగి ఫొటో తీసుకున్నారని ఆమెకు గుర్తుంది. పేరు కూడా అడగలేదు.

మంజులమ్మ జరిగిందంతా చెప్పింది. హేమావతికి కోపం రాలేదు. ఫొటోను రెండు చేతులతో పట్టుకొని చూసుకొని మురిసిపోయింది. "నన్ను కూడా రాసినారా? నేనేమి చెప్తా ఉండానమ్మా దాంట్లో?"

మంజులమ్మ ఇంగ్లీషును కూడబలుక్కుంటూ, దేవేంద్ర చెప్పినది గుర్తు చేసుకుంటూ వినిపించింది. పొలంలో బోరు వేయించిందట. షీటు వేసిందట. హేమావతి పడీపడీ నవ్వింది. పక్కన అమ్ముకునేవాళ్ళను కూడా పిలిచి వినమంది.

"'నా ఇద్దరు కొడుకులు ఇప్పుడు ఇంగ్లీషు స్కూలుకు పోతున్నారు. పొద్దున్నే వాళ్ళకు తల దువ్వి పంపిస్తాను. వాళ్ళ నవ్వే నా పంట.'"

నవ్వు ఆగిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హేమావతికి పిల్లలు లేరు. ఆ సంగతి మంజులమ్మకు వాళ్ళ చూపుల్లో తెలిసింది. అక్కడే ఆపేసి కాగితం మడవబోయింది.

హేమావతి ఆ కాగితం మీద చెయ్యి పెట్టి ఆపింది. చాలా నెమ్మదిగా అడిగింది.

"ఏం పేర్లు పెట్టినారమ్మా, నా కొడుకులకి?"

మంజులమ్మ కాగితం మళ్ళీ విప్పి మొదటి నుంచి చివరిదాకా వెతికింది. "పేర్లు పెట్టలేదు" అంది.

"అది కూడా పెట్టలేదా" అంది హేమావతి. కళ్ళనీళ్ళు రాలేదు. చేతిలో ఉన్న టొమాటోను కుప్పలో పెట్టి, కొంగు బిగించి లేచింది. "ఆ ఆఫీసు యాడుండాదో నాకు చూపిస్తావా?"

ఇద్దరూ వెళ్ళారు. ఈసారి పైకి రానివ్వలేదు. కింద ఉన్న వాచ్‌మన్ సారు లేరన్నాడు. ఎవరూ లేరన్నాడు. నందిత ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిందని మాత్రం చెప్పాడు. సాయంత్రందాకా మెట్ల మీద కూర్చుని వచ్చేశారు. కొన్నాళ్ళకు ఆ డైరీలో హేమావతి ఫొటో పోయి, పొలం గట్టు మీద వెనక్కి తిరిగి నిలబడ్డ ఒక ఆడమనిషి బొమ్మ వచ్చింది. ముఖం లేదు. ముఖం ఉంటే వచ్చి అడుగుతున్నారని వాళ్ళకు తెలిసిపోయింది. వెంకటలక్ష్మమ్మ మాత్రం అలాగే మాట్లాడుతూ ఉంది. మరుసటి ఏడు ఆ డైరీలో ఆమె పెద్దకొడుకు పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. అభినందనలు బోలెడన్ని వచ్చాయి.

అప్పటికి ఇంటర్నెట్టులో తెలుగు అక్షరాలు కొట్టడం దేవేంద్ర నేర్చుకున్నాడు. సొంత బ్లాగు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని అతనే చెప్పాడు. మంజులమ్మ తన పేరుతో పేజీ తెరిపించింది. పూలు దించడానికి హోసూరు వచ్చినప్పుడల్లా ఆమె చెప్పేది, అతను కొట్టేవాడు. కొట్టింది మళ్ళీ చదివించుకుని, ఒక్క పదం తేడా ఉన్నా దిద్దించేది. మొదటి రాతలో కేశవప్ప తోట గురించి ఉన్నదున్నట్టు చెప్పించింది. రెండోది రామచంద్ర గురించి. ఆయన ఏ పంట ఎలా పండిస్తాడో, ఎంత తక్కువ మాట్లాడతాడో. దేవేంద్ర దాన్ని ప్రింటు తీసి ఇస్తే, రామచంద్ర కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ పేజీని చదివేవాళ్ళు తక్కువ. హోసూరు చుట్టుపక్కల తోటలవాళ్ళు కొందరు, ఎక్కడెక్కడో ఉన్న తెలుగువాళ్ళు కొందరు. కంపెనీ డైరీకి ఉన్న జనంలో వందో వంతు కూడా లేరు. ఆ కంపెనీ తర్వాత ఇంకో పెద్ద కంపెనీలో కలిసిపోయింది. రఘునాథ్ ఇప్పుడు ఇంకా పెద్ద ఉద్యోగంలో ఉన్నాడని విన్నాను. కేశవప్ప మరో షీటు కొనడానికి రెండేళ్ళు పట్టింది.

కల్లావి నుంచి హేమావతి అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. ఒకసారి తన మాటలు కూడా ఆ పేజీలో పెట్టమంది. ఏం పెట్టమంటావని మంజులమ్మ అడిగితే, ఆలోచించి చెప్పింది. "నా పేరు హేమావతి. మాది కల్లావి. టొమాటో, వేరుశనగ పండిస్తాను. నాకు పిల్లలు లేరు. ఇంతే పెట్టమ్మా."

దేవేంద్ర అంతే కొట్టాడు.